ఉప్పు తాగిన తెప్ప

మధులత నాతో అన్న మొట్టమొదటి మాట, "అయ్యో, నా గొడుగు!"

అప్పటికి నేను షెడ్డులో నేలమీద వెల్లకిలా పడుకుని, గ్యాసిఫయర్ కింద బూడిద తలుపు బోల్టు బిగిస్తున్నాను. మొహమంతా మసి. బయట వాన. ఏదో కాలిన కంపు కొడితే బయటికి జరిగి చూశాను. ఎవరో అమ్మాయి నిలబడి ఉంది. ఆమె చేతిలో గొడుగు కర్రా, ఊచలూ తప్ప ఏమీ మిగల్లేదు. గుడ్డంతా గ్యాసు పైపుకి అంటుకుని పాకంలా కారుతోంది.

"ఆ పైపుకి ఎవులైనా గొడుగు తగిలిత్తారేటండీ? మూడొందల డిగ్రీలుంటాది అది!"

"వేడిగా ఉంటుందని బోర్డు పెట్టాలి కదండీ!"

"పెద్ద ఇనప డ్రమ్ము. పైన పొగ. కింద ఎర్రగా నిప్పులు. ఇంకా బోర్డు కావాలేటి?"

"ముందు మీరు లేచి, కోటి గారెక్కడున్నారో చెప్పండి. ఆయనతో మాట్లాడుకుంటాను."

"ఆ కోటిని నానే."

ఆమె నన్ను కింద నుంచి పైదాకా చూసింది. నవ్వు ఆపుకోవాలని చూసింది గానీ ఆగలేదు. ఆ పూటంతా నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. ఆ నవ్వు మాత్రం బాగుంది. అది కూడా చెప్పకపోతే అన్యాయం.

మర్నాడు పైపు పక్కన చాక్‌పీసుతో బోర్డు రాసి పెట్టాను: 'ఇక్కడ గొడుగులు తగిలించరాదు.' సాయంత్రానికి దాని కింద ఇంకో లైను చేరింది: 'కొత్త గొడుగు ఎప్పుడు?'

ఇది రెండువేల ఆరు సంగతి. నాకది రీసెర్చ్‌లో నాలుగో ఏడు. స్టీలు ప్లాంటులో చేరిన నా క్లాస్‌మేట్లు అప్పటికి బైకులు మార్చి కార్ల గురించి మాట్లాడుకుంటున్నారు. నేను మాత్రం రోజూ మా ఊరు యారాడ నుంచి కొండ దిగే బస్సులో వచ్చి, సింధియా జంక్షన్ దగ్గర ఇంకో బస్సు పట్టుకుని, కాలేజీ వెనక రేకుల షెడ్డులో కట్టెలు కాలుస్తున్నాను. ఎవరైనా "ఏం చేస్తున్నావ్ బావా?" అంటే "పొయ్యి ఊదతన్నాను" అనేవాణ్ణి. విసుగొచ్చి అన్న మాటే గానీ, అది అబద్ధం కాదు.

కర్రని చాలినంత గాలి ఇవ్వకుండా కాలిస్తే అది పూర్తిగా మండదు, గ్యాసు వదుల్తుంది. ఆ గ్యాసుని వడగట్టి, ఫర్నేసులో ఎర్రగా కాగుతున్న పింగాణీ బిళ్ల మీదికి పంపితే, మంట లేకుండానే కరెంటు పుడుతుంది. ఆ బిళ్ల పేరే ఫ్యూయల్ సెల్. తీగ చేరని ఊళ్ళో కూడా చెట్టూ చేమా ఉంటాయి కాబట్టి అక్కడా కరెంటు పుట్టించొచ్చని మా గైడు కామరాజు మాస్టారి ఆశ. గ్యాసు చెయ్యడం నా పని. ఆ గ్యాసుతో సెల్ ఎంత కరెంటు ఇస్తుందో, ఎన్నాళ్ళు బతుకుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టి ముందే గీత గీసి చూపించడం మధులత పని. దాన్ని మోడల్ అంటారు. ఆమె గీసిన గీతా, నా టెస్టులో వచ్చిన గీతా ఒకదాని మీద ఒకటి పడితే మాస్టారు నవ్వుతారు. ఆయన నవ్వగా నేనైతే చూడలేదు.

సెల్స్ నాలుగే ఇచ్చారు మాకు, వేరే ఊరి ల్యాబ్ వాళ్ళు. అప్పడం కన్నా సున్నితం. మొదటిది జూన్‌లోనే పోయింది. షెడ్డు బయట పేర్చిన సరుగుడు కర్రలన్నీ వానకి తడిశాయి. తడి కర్ర కాలిస్తే తారు వచ్చింది. తారు వెళ్ళి సెల్‌ని కప్పేసింది.

"నాలుగేళ్ళ నుంచి ఇదే పని కదండీ మీరు చేస్తోంది. కర్ర తడవకూడదని తెలియదా?" అంది మధులత.

"తెలుసు. వానకి తెలీదు."

"టార్పాలిన్ కప్పొచ్చుగా?"

"కప్పాను. గాలికెగిరిపోయింది. మీరు కంప్యూటర్‌లో కర్ర అని టైపు సేత్తే అది ఎండుగానే ఉంటాది. అదృష్టం."

"కంప్యూటర్‌కి కరెంటు పోతే నాకూ పోతుందండీ రోజంతా చేసిన పని. ఏదో మీరొక్కరే కష్టపడుతున్నట్టు!"

ఆ మాట నిజమే. ముందు రోజే ఆమె లెక్క సగంలో కరెంటు పోయి, ఆమె కీబోర్డు మీద తల పెట్టుకుని కూర్చోవడం కిటికీలోంచి చూశాను. ఇద్దరం అలిసిపోయి ఉన్నాం. అలిసిపోయినవాళ్ళు దెబ్బలాడుకోవడం కూడా నీరసంగానే ఉంటుంది. కాసేపయ్యాక ఆమె కాంటీన్ నుంచి రెండు టీలు తెచ్చి, ఒకటి నా ముందు పెట్టింది.

"మీరు నాను అంటారు కదా" అంది. "బాగుంటుంది. మానకండి."

నాలిక కాలేలా టీ అంతా ఒక్క గుక్కలో తాగేశాను.

ఎండు కర్ర కోసం నేను ఊళ్ళో వాకబు చేస్తుంటే మా నాన్న అబ్బులు విన్నాడు.

"పాకలో తెప్ప ఉంది కదరా. అట్టుకుపో" అన్నాడు, తినే కంచంలోంచి తల ఎత్తకుండానే.

అమ్మా నేనూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. నాన్న ఫైబర్ బోటు కొనుక్కున్న దగ్గర్నుంచి తెప్ప ఇంటి వెనక పాకలోనే ఉంది. దాని మీద ఆయన ముప్పై ఏళ్ళు వేటకెళ్ళాడు. మా ఇంట్లో తెప్ప దుంగని పొయ్యిలో పెట్టే ఆచారం లేదు. ఎంత వానాకాలమైనా, ఇంట్లో చిదుగు లేకపోయినా దాన్ని ముట్టుకోరు. తాతది ఇసకలోనే చీకిపోయింది తప్ప ఎవరూ దానికి నిప్పు చూపించలేదు.

"నిజంగా ఇచ్చేత్తన్నావా నాన్నా?"

"పొయ్యిలో ఎట్టమంటే తప్పు గానీ, సదువుకి తప్పేటిరా? నిన్ను ఇక్కడిదాకా లాక్కొచ్చింది అదే. ఆ మిగిలిన కొసరు కూడా అదే లాగుద్ది."

ఆదివారం నాడు మధులత కూడా మా ఇంటికి వచ్చింది. కర్రలో తడి ఎంతుందో కొలిచే మీటరు ఆమె దగ్గరుంది మరి. వాళ్ళ నాన్న కనకరత్నం గారు స్టీలు ప్లాంటులో క్రేను డిపార్ట్‌మెంటు. గోదావరి వైపు నుంచి ఉద్యోగానికొచ్చి ప్లాంటు కాలనీ సెక్టార్లలో స్థిరపడ్డవాళ్ళు. ఇన్నేళ్ళు వైజాగులో పెరిగి కూడా ఆమె తెప్పని ముట్టుకోవడం అదే మొదటిసారి.

అమ్మ, తెప్ప ముక్కుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. కొంగుతో మొహం తుడుచుకుంటూ ఇంట్లోకెళ్ళిపోయింది. నాన్న దుంగలు కట్టిన తాళ్ళు కోసి, మొదటి గొడ్డలి దెబ్బ తనే వేశాడు. మధులత మీటరు గుచ్చి చూసి, "అసలు తడే లేదండీ" అంది.

ఆ కర్ర అద్భుతంగా కాలింది. తారు లేదు, పొగ లేదు. మిగులు గ్యాసు కాల్చే గొట్టం చివర మంట చిక్కటి పసుపు రంగులో వచ్చింది.

"సూడండి, ఎంత బాగున్నాదో!" అన్నాను.

ఆమె ఆ మంటని అలా చూస్తూనే ఉంది. "ఎప్పుడూ ఇలాగే వస్తుందా ఈ రంగు?"

"లేదు. ఇది మా తెప్ప స్పెషల్."

పొద్దున పెట్టిన సెల్ సాయంత్రానికి డీలా పడిపోయింది. వోల్టేజి జారుతూ జారుతూ ఇక లేవలేదు. మూడో సెల్ పెట్టాం. అదీ అంతే. మధులత మోడల్ గీత ఏమో బల్ల మీద గీసినట్టు అడ్డంగా ఉంది. నా టెస్టు గీత కొండ దిగే బస్సులా కిందికి పోయింది.

మాస్టారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశారు. "గ్యాసు శుభ్రంగా ఉంది. కర్ర ఎండుగా ఉంది. అయితే తప్పు మోడల్‌ది. ఏం మధులతా?"

"అవును సార్. నాదే. సరిచేస్తాను."

"వచ్చే నెల నిధులిచ్చే కమిటీ వస్తోంది. ఒక్క సెల్ మిగిలింది. గీతలు కలవకపోతే ప్రాజెక్టు మూసేస్తారు. తెలుసా ఆ సంగతి?"

"తెలుసు సార్."

బయటికొచ్చాక నేను ఊరుకోలేదు. "ఏటండీ, మీ మోడల్‌కి వాన పడి జలుబు సేసిందేటి? ఒక ఇంజెక్షన్ పొడవండి" అన్నాను. మామూలుగా అయితే నాలుగు తగిలించేది. ఆ రోజు "అలాగేనండి" అని వెళ్ళిపోయింది. వారం రోజులు అదే వరస. మాస్టారు అందరి ముందూ కేకలెయ్యడం, ఆమె తల ఊపడం. నేను ఆటపట్టిస్తే నవ్వకపోవడం.

ఆ వారంలోనే ఒక రోజు నాన్న ఫిషింగ్ హార్బర్‌లో డీజిల్ కోసం వచ్చి, అట్నుంచి అటే మా షెడ్డుకొచ్చాడు. చెప్పులు బయటే విప్పి, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అమ్మా, బాగా మండతన్నాదా?" అని మధులతని అడిగాడు.

"మండుతోంది అంకుల్. చాలా బాగా" అంది. అని, ఏదో పని ఉన్నట్టు వెనక్కి తిరిగింది. నాన్న ఎంత సంతోషపడిపోయాడో. బస్టాపుదాకా నాకదే చెప్పాడు, అన్నేళ్ళ కర్రయినా దాని సత్తా పోలేదని.

ఆ తర్వాత తెలిసింది, ఆమెకి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిందని. ప్రాజెక్టు మూసేస్తే ఆ నెలాఖరుకి వెళ్ళి చేరాలి. ఆమె చెప్పలేదు. కాంటీన్‌లో ఎవరో అంటే విన్నాను. అంతకు ముందు రోజే పూర్ణా మార్కెట్‌లో నీలం మీద తెల్ల పూలున్న గొడుగు ఒకటి కొన్నాను. ఎలా ఇవ్వాలో తెలీక ఇంట్లో నా పెట్టెలో, బట్టల అడుగున దాచాను. హైదరాబాద్ మాట విన్నాక ఇక ఇవ్వబుద్ధి కాలేదు. ఏం చెయ్యబుద్ధి కాలేదు. అన్నం కూడా ఏదో తినాలని తినేవాణ్ణి.

ఆ నీరసంలోనే ఒక మధ్యాహ్నం పైపులు విప్పి శుభ్రం చెయ్యడానికి కూచున్నాను. గ్యాసు చల్లారే పైపు లోపల తెల్లగా, పొరలు పొరలుగా ఏదో పేరుకుని ఉంది. బూడిద అలా ఉండదు. గోరుతో గీకాను. పెళుసుగా రాలింది. చిన్నప్పుడు ఎండలో ఆరిన మా తెప్ప మీద గీకితే సరిగ్గా ఇలాగే రాలేది.

ల్యాబ్‌లో దేన్నీ నోట్లో పెట్టుకోకూడదని జూనియర్లకి క్లాసు పీకేది నేనే. ఆ పలుకు నాలిక మీద వేసుకున్నాను.

ఉప్పు.

ముప్పై ఏళ్ళు సముద్రంలో నానిన దుంగ. దాని నిండా ఉప్పే ఉంటుందని నాకు కాక ఎవరికి తట్టాలి? మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ దాన్ని కాల్చలేదు. అందుకే అది ఎలా మండుతుందో ఎవరూ చూడలేదు. ఆ పసుపు రంగు ఉప్పుదే. ఎండు కర్రా కాదా అని చూశాను గానీ, ఇంకేమీ చూడలేదు. ఆ ఉప్పు గ్యాసులో కలిసి, సెల్‌కి పూసిన నికెల్ పొరని తినేసింది. రెండు సెల్స్‌ని మా నాన్న తెప్పే చంపింది.

వానలో తడుస్తూనే మధులత గదికి పరుగెత్తాను.

"ఉప్పు!" అన్నాను, రొప్పుతూ. "నీ మోడల్ తప్పు కాదు. కర్రలో ఉప్పు!"

ఆమె ఉలిక్కిపడలేదు. మెల్లగా కుర్చీలోంచి లేచింది. ఆ లేవడంతోనే నాకర్థమైపోయింది.

"నీకు తెలుసు" అన్నాను. ఎప్పుడు 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందో నాకే తెలీదు. "ఎన్నాళ్ళైంది?"

"పసుపు మంట చూసినప్పుడే అనుమానం వచ్చింది. తర్వాత మోడల్‌లో ఉప్పు వేసి చూశాను. గీత వెళ్ళి మీ టెస్టు గీత మీద కూర్చుంది."

"మరి మాస్టారికి ఎందుకు సెప్పలేదు? అందరి ముందూ తిట్లు తింటన్నావు! నాను కూడా ఎగతాళి సేసేను కదా!"

"చెబితే ఆ ఉప్పు ఎక్కడిదని అడుగుతారు. మీ నాన్నగారి తెప్పదని చెప్పాలి. మీ అమ్మగారు దానికి పసుపు రాసి ఏడ్చారు కోటీ. నేనక్కడే ఉన్నాను. ఆయన షెడ్డుకొచ్చి, బాగా మండుతోందా అని అడిగారు. ఏం చెప్పమంటావు? మీ తెప్ప రెండు సెల్స్‌ని చంపేసిందని చెప్పమంటావా?"

"అందుకని నీ పేరు సెడగొట్టుకుని హైదరాబాద్ ఎల్లిపోతావా?"

"అలిసిపోయాను కోటీ. ఇలా అయితే కనీసం నింద నా ఒక్కదానితో పోతుంది అనుకున్నాను."

నాకు చాలా కోపం వచ్చింది. ఆ కోపంలోనే తెలిసింది, ఈ అమ్మాయి వెళ్ళిపోతే నేను తట్టుకోలేనని. ఇన్నాళ్ళూ ఆ షెడ్డుకి నన్ను రోజూ రప్పిస్తున్నది కమిటీ కాదు, డిగ్రీ కాదు. ఆమే. ఇది చెప్పడానికి మంచి మాటలేమైనా ఉంటాయేమో గానీ, తడిసిన బట్టల్లో నాకవి తట్టలేదు.

"నాకోసం అబద్ధం ఆడకు" అన్నాను. "నాకోసం ఏదన్నా సెయ్యాలనుంటే ఎల్లకు. ఉండిపో."

"ఉండాలనే ఉంది" అంది. "కానీ ఉండాలంటే ఆ ఒక్క సెల్లూ బతకాలి. అంతకు ముందు మీ నాన్నగారికి నిజం చెప్పాలి. ఆయనకి అబద్ధం చెప్పినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు."

ఇద్దరం కలిసే యారాడ బస్సెక్కాం. కొండెక్కుతున్నంతసేపూ వాన. కిటికీ అద్దం లేదు. ఆమె నా వైపుకి జరిగి కూర్చుంది.

నాన్న వసారాలో వల బాగుచేసుకుంటున్నాడు. అమ్మ పొయ్యి దగ్గర ఉప్పు చేపలు కడుగుతోంది. నేను "నాన్నా, తెప్ప..." అన్నాను. అక్కడితో ఆగిపోయింది. నాలుగేళ్ళ రీసెర్చ్ చేసినవాణ్ణి, ఒక్క వాక్యం పూర్తి చెయ్యలేకపోయాను. మధులత ఆయన ముందు కింద కూర్చుని, ఏదీ దాచకుండా మొత్తం చెప్పింది. తను అబద్ధం చెప్పిన సంగతి కూడా.

నాన్న చేతిలో వల సూది ఆగిపోయింది.

"అంటే రెండిటినీ అదే పాడుసేసిందేటమ్మా?"

"అవునండీ."

"నాను సంతోషంగా ఇచ్చేను."

"తెలుసండీ. అందుకే చెప్పలేకపోయాను."

ఆయన లేచి వెనక పాకలోకి వెళ్ళాడు. తెప్ప ఉండే చోట ఇప్పుడు ఖాళీ నేల. అక్కడే నిలబడి, "మిగిలిన కర్ర ఏటి సేత్తారు? పారేత్తారా?" అని అడిగాడు. మా నాన్న మొహం అలా అయిపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆయన వైపు చూడలేక పొయ్యి వైపు తిరిగాను.

అమ్మ చేపలు నానిన నీళ్ళు పారబోసి, మళ్ళీ మంచినీళ్ళు పోస్తోంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి చూస్తున్నదే. ముక్కలు కోసి, నానబెట్టి, నీళ్ళు పారబోసి, మళ్ళీ నానబెట్టి. ఉప్పు పోయేదాకా.

"అమ్మా, ఉప్పు పోయిందేటి?" అన్నాను.

"ఏటా తొందర? ఇంకోసారి మార్సాలి. ఆకలేత్తందా?"

నేను మధులత వైపు చూశాను. ఆమె అప్పటికే ఆ గిన్నె వైపు చూస్తోంది. తర్వాత ఇద్దరం చూరు నుంచి ధారగా కారుతున్న వానని చూశాం. రెండు నెలలుగా మేము తిట్టని తిట్టు లేని వాన అది.

"చిన్న ముక్కలు కొట్టాలి" అంది. "పలచగా. అప్పుడే లోపల్నుంచి ఉప్పు దిగుతుంది."

"కాలేజీ మేడ మీద పరిసేత్తే, వాన నీళ్ళు వాటంతటవే మారతాయి."

"తర్వాత ఆరబెట్టాలి కదా. ఎండెక్కడుంది?"

"మూడొందల డిగ్రీల పైపు ఉంది. నీ గొడుగుని అడుగు."

చాలా రోజుల తర్వాత నవ్వింది. నాన్న మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఏటి, నా తెప్పని కూరొండుతారేటి?" అన్నాడు. అన్నాడే గానీ, గోడకి జారేసిన గొడ్డలి తీసుకుని, రేపు తనే వచ్చి చిన్న ముక్కలు కొడతానన్నాడు.

మాస్టారికి కూడా అంతా చెప్పాం. "ఇన్నాళ్ళూ నా చేత ఉత్తపుణ్యానికి తిట్టించుకున్నావా అమ్మా?" అని ఆయన నొచ్చుకున్నారు. ఆ ఉప్పు మోడల్ గీత చూసి మాత్రం కుర్చీలో ముందుకి జరిగారు. సముద్రం ఒడ్డున సరుగుడు తోటలున్నాయి, కొబ్బరి డొక్కలున్నాయి, వాటి మీదా ఉప్పు గాలే కదా, ఈ లెక్క అందరికీ అక్కరకొస్తుందన్నారు. అయితే కడిగిన కర్ర మీద కూడా గీతలు కలిస్తేనే కమిటీ ముందు పెడతానన్నారు.

తెప్ప ముక్కలు మేడ మీద వారం పైగా వానలో నానాయి. రోజూ మధులత ఆ నీళ్ళు కాసిని పట్టి, అందులో మందు చుక్క వేసి చూసేది. ఉప్పుంటే తెల్లగా మబ్బు పడుతుంది. మొదట పాలలా విరిగిన నీళ్ళు పోనుపోను పలచబడ్డాయి. ఆఖరికి చుక్క వేసినా నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. పైపు మీద ఇనప జల్లెడ పరిచి, బుట్టలు బుట్టలుగా ఆరబెట్టాను. చేతులు బొబ్బలెక్కాయి. ఆమె కళ్ళ కింద నల్లటి చారలు. ఒకరోజు ముక్కలు తిరగేస్తూ తిరగేస్తూ, బస్తా మీద నా భుజానికి తల ఆన్చి నిద్రపోయింది. నేను కదల్లేదు. ఒక బుట్ట మాడిపోయింది. పోతే పోయింది.

టెస్టు రోజు తెల్లవారుతూనే ఫర్నేసు వెలిగించాం. ఆఖరి సెల్. నిమిషానికి రెండు డిగ్రీల చొప్పున వేడెక్కాలి, తొందరపడితే పగులుతుంది. మధ్యాహ్నానికి గ్యాసు వదిలాను. గొట్టం చివర మంట ఈసారి పసుపు రంగులో రాలేదు. లేత నీలంగా, కనీ కనపడకుండా ఉంది. కంప్యూటర్‌లో ఆమె మోడల్ గీత ముందే గీసి ఉంది. దాని మీద టెస్టు చుక్కలు ఒక్కొక్కటీ పడటం మొదలైంది. వెనకటి రెండు సెల్స్ జారిపోయిన సమయం దాటింది. చుక్క గీత మీదే ఉంది. ఇంకో గంట. గీత మీదే.

"జారతాదేమో" అన్నాను, పాడు నోటితో.

"నోరు ముయ్యి కోటీ" అంది. నా చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది.

బయట వాన జోరందుకుంది. గుమ్మంలో చప్పుడైతే ఇద్దరం తలెత్తాం. నాన్న. ఒక చేతిలో అమ్మ పంపిన కారేజి. ఇంకో చేతిలో నీలం మీద తెల్ల పూలున్న ఆడపిల్లల గొడుగు.

"ఇదెవులిదిరా?" అన్నాడు. "మీయమ్మకి నీ పెట్టెలో దొరికింది. దర సీటీ కూడా సింపలేదు. ఇంట్లో ఉన్నదేమో సిరిగిపోయింది, సరే అని ఇదే ఏసుకొచ్చేను. బస్సులో అందరూ నాకేసే సూసేరు."

మధులత గొడుగుని చూసింది. తర్వాత నన్ను. నేను నేలని చూశాను.

"కొత్త గొడుగు ఎప్పుడు అని అడిగితే, పెట్టెలో పెట్టి తాళం వేశావా?"

నాన్నకి ఇదేమీ పట్టలేదు. తడి గొడుగు మడిచి, ఎక్కడ పెట్టాలా అని అటూ ఇటూ చూసి, తీసుకెళ్ళి పైపుకి తగిలించబోయాడు.

"వద్దు!" అని ఇద్దరం ఒకేసారి అరిచాం. ఒక్క దూకులో వెళ్ళి గొడుగు లాక్కుని, దాన్ని తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టాను. మా నాన్న ముందు, మసి చేతుల్తో, ఒక్క మాట లేకుండా. ఆమె దాన్ని రెండు చేతుల్తో గుండెకి హత్తుకుంది. నీళ్ళన్నీ ఆమె చుడీదార్ మీదికి కారాయి. పట్టించుకోలేదు.

నాన్న మెల్లగా గ్యాసిఫయర్ దగ్గరికి నడిచాడు. దాని పక్కన బుట్టలో మిగిలిన తన తెప్ప ముక్క ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి తిప్పి చూశాడు. అడగాలనుంది, కానీ పోయినసారి విన్న జవాబు ఆయనకి గుర్తుంది. అయినా అడిగాడు.

"అమ్మా, నిజం సెప్పు. బాగా మండతన్నాదా?"

మధులత కంప్యూటర్ వైపు చూసింది. చుక్క గీత మీదే ఉంది. ఆమె కళ్ళు తుడుచుకుంది.

"బాగా మండుతోంది మావయ్యా."

నాన్న చేతిలో కర్ర ముక్క అలాగే ఉండిపోయింది. ఆమెకేసి చూశాడు, నాకేసి చూశాడు, నా చేతి మసి అంటుకున్న ఆ కొత్త గొడుగుకేసి చూశాడు.

"మొన్నటిదాకా అంకుల్ అనేది కదరా ఈ పాప?"

"అవును నాన్నా."

"మరి వాళ్ళ నాన్నకి సెప్పిందేటి ఈ మాట?"

"ఇంకా లేదు మావయ్యా" అంది మధులత. "ఆయన కోపానికి మోడల్ వేశాను. ఒక నెల గట్టిగా అరుస్తారు, తర్వాత తగ్గుతారు. నేను హైదరాబాద్ వెళ్ళడం లేదని ఈ రాత్రి ఇంటికెళ్ళి చెబుతాను, అక్కణ్ణుంచి మొదలవుతుంది."

నాన్న తల ఊపాడు. చేతిలోని ముక్కని కళ్ళకద్దుకుని, గ్యాసిఫయర్ మూత ఎలా తియ్యాలో నన్నడిగి, ఆయనే లోపల వేశాడు. తర్వాత కారేజి విప్పి మా ముందు పెట్టాడు. ఉప్పు చేపల కూర.

"తినండి ముందు" అన్నాడు. "ఇద్దరూ ఎంత అలిసిపోయేరో సూడండి."